టై కట్టుకుని రాసిన ఈజిప్టు కథ

ఉద్యోగం పోయిన రోజు తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది ఆ గదిలో బల్ల మీద పెట్టిన బిస్కట్ల పళ్ళెం. డబ్లిన్ శివార్లలోని ఒక మందుల ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షల విభాగంలో ఏడేళ్ళు పనిచేశాను. నవంబరులో ఒక మంగళవారం మా విభాగంలో పదకొండుమందిని ఒక్కొక్కరినే ఆ గదిలోకి పిలిచారు. నాతో మాట్లాడినావిడ కళ్ళు అప్పటికే ఎర్రబడి ఉన్నాయి. నేనే ఆమెను ఓదార్చవలసి వచ్చింది. "ఇందులో మీ తప్పేమీ లేదు" అని చెప్పి, లేచి, కుర్చీని బల్ల కిందికి తోసి బయటికి వచ్చాను. బాధ కలుగుతుందేమోనని కారులో కాసేపు కూర్చుని చూశాను. ఏమీ కలగలేదు. పంటి డాక్టరు సూది వేశాక పెదవిని వేలితో ముట్టుకుంటే ఎలా ఉంటుందో, ఒళ్ళంతా అలా ఉంది.

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. ఆమె ఆసుపత్రి ల్యాబులో పనిచేసేది. "నా జీతం ఉంది కదా. ఇల్లు గడుస్తుంది. కంగారు పడకండి" అంది. కంగారేమీ లేదన్నాను. అది నిజమే. ఆ తరువాత తొమ్మిదేళ్ళ మా అమ్మాయిని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నాన్న ఉద్యోగం పోయిందమ్మా. ఈ సంగతి బయట ఎవరికీ చెప్పకూడదు. ముఖ్యంగా పక్కింట్లో."

"ఎందుకు?"

"మన ఇంటి సంగతులు మనం బయట చెప్పుకోం."

"మా క్లాసులో సగంమంది డాడీలకు జాబ్స్ లేవు, నాన్నగారూ. అందరూ గ్రాండ్‌గానే ఉన్నారు."

"వాళ్ళ సంగతి వేరు."

మా అమ్మాయి మాటల్లో 'నాన్నగారూ' ఒక్కటే తెలుగు. మిగతాదంతా డబ్లిన్ యాసలో ఇంగ్లీషే, అక్కడ 'గ్రాండ్' అంటే 'బాగానే' అని. నేను తెలుగులో అడిగితే తను ఇంగ్లీషులో జవాబిచ్చేది. ఇక్కడ తన మాటలు, తన స్నేహితుల మాటలు నేనే తెలుగు చేసి రాస్తున్నాను.

పక్కింటి సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళు మా జిల్లావాళ్ళే. మా వంశానికి ఒకప్పుడు అక్కడ చిన్న జమీ ఉండేది. నేను పుట్టకముందే చట్టం వచ్చి జమీ పోయింది. నా చిన్నతనంలో మేడ మీది అంతస్తు కూలింది. నాకు మిగిలింది ఇంటిపేరు, నిటారుగా కూర్చునే అలవాటు. డబ్లిన్ పక్కనే బ్లాంచర్డ్స్‌టౌన్‌లో ఇల్లు అద్దెకు తీసుకున్న మొదటివారంలోనే పక్కింటాయన మా తలుపు మీద పేరు చూసి, "మీరు ఆ కోటవారా అండీ! మా తాతగారు మీ భూమి చేశారండీ!" అన్నాడు. అప్పటినుంచి నలుగురిలోనూ నన్ను "రాజావారూ" అని పిలిచేవాడు. తెలుగువాళ్ళ భోజనాలకు వెళ్తే నా కోసం కుర్చీ లాగి, "రాజావారు వేంచేశారు, ముందు ఆయనకు వడ్డించండయ్యా" అనేవాడు. అందరూ నవ్వేవారు. అది సగం వేళాకోళమని నాకు తెలుసు. మిగతా సగం కోసం నేను ఎప్పుడూ వద్దనలేదు.

అందువల్ల ఉద్యోగం పోయిన మర్నాడు కూడా ఎప్పటిలాగే ఏడున్నరకు గడ్డం గీసుకుని, టై కట్టుకుని కారు తీశాను. పక్కింటి వంటింటి కిటికీ మా కారు నిలిపే చోటికి ఎదురుగా ఉండేది. లైబ్రరీ తెరిచేదాకా కారులోనే కూర్చున్నాను. నాలుగు నెలలు ఇదే నడిచింది. లైబ్రరీలో పేపర్లు చదివే బల్లల దగ్గర ఇళ్ళ నిర్మాణం పని పోయిన ఐరిష్ మగవాళ్ళు పొద్దున్నుంచీ కూర్చునేవారు. ఎవరైనా మనవాళ్ళు వస్తే వచ్చేదీ అక్కడికే. నేను వెనకవైపున్న పిల్లల విభాగానికి వెళ్ళేవాణ్ణి. బడి వేళల్లో అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. కుర్చీలు మాత్రం పిల్లలవి. మోకాళ్ళు ఛాతీ దాకా వచ్చేవి. ఉద్యోగ దరఖాస్తులు రాయడం పది గంటలకల్లా అయిపోయేది, ఎందుకంటే రాయడానికి ఉద్యోగాలే లేవు. ఆ తరువాత చేతికందే అరలోని పుస్తకాలు తీసి చూసేవాణ్ణి. ఆ అరలో ఉన్నవి ప్రాచీన ఈజిప్టు గురించినవి. ఇష్టపడి ఎంచుకున్నవి కావు. అక్కడి రాచబిడ్డలకు గుండు గీసి, కుడివైపు ఒక్క జడపాయ ఉంచేవారట. కళ్ళకు మందంగా కాటుక. మెడ నిండా పూసలు. ఆడుకోవడానికి పెంపుడు బాతులు. పేజీలు తిప్పుతుంటే మధ్యాహ్నమయ్యేది.

జనవరిలో ఒక పొద్దున మెట్ల మీద పిల్లల గోల వినిపించింది. తల ఎత్తేసరికి యూనిఫారాల్లో ఒక తరగతి మొత్తం లోపలికి వస్తోంది. మా అమ్మాయి తరగతి. అందరికంటే ముందు నన్ను చూసింది పక్కింటివాళ్ళ అమ్మాయి. ఇద్దరూ ఒకే తరగతి, ప్రాణస్నేహితులు.

"హాయ్ అంకుల్! ఇవాళ లీవా?"

నేను నోరు తెరిచేలోగా మా అమ్మాయి మా ఇద్దరి మధ్యకు వచ్చింది.

"లీవు కాదు. మా నాన్నగారు పుస్తకం రాస్తున్నారు. పిల్లల కోసం. ఈజిప్టు గురించి."

ఆ మాట వాళ్ళ టీచరు విన్నది. బూడిదరంగు స్వెట్టరు వేసుకున్న పొడుగాటి ఆవిడ. నా చేతిలోని పుస్తకం వంక, నా టై వంక, పిల్లల కుర్చీలో మడుచుకున్న నా కాళ్ళ వంక చూసింది.

"ఎంత బావుంది! ఈ టర్ములో మా పాఠం కూడా ఈజిప్టే. మార్చిలో పుస్తకాల వారం జరుపుతున్నాం. ఒకరోజు వచ్చి మా పిల్లలకు మీ కథ చదివి వినిపిస్తారా?"

ఆ కుర్చీలోంచి మర్యాదగా లేవడం కష్టం. అయినా లేచి నిలబడ్డాను.

"తప్పకుండా" అన్నాను.

ఆ సాయంత్రం మా అమ్మాయిని మందలించబోయాను. "అబద్ధం చెప్పావు."

"నిజం చెప్పొద్దని మీరే కదా అన్నారు. ఇంకేం చెప్పాలి?"

నేను టై ముడి విప్పడం మొదలుపెట్టాను.

"రాసేయండి నాన్నగారూ. అప్పుడు అబద్ధం అవదు" అంది.

ఆ విధంగా మొదలైంది. అంతకుముందు నేను నివేదికలు తప్ప మరేమీ రాయలేదు. మా పనిలో రాతకు ఒక పద్ధతి ఉంది. సిరాతోనే రాయాలి. తప్పు రాస్తే చెరిపేయకూడదు, కింద ఏముందో కనబడేలా ఒకే ఒక్క గీత గీసి, పక్కన పొట్టి సంతకం, తేదీ వేయాలి. కథ కూడా అలాగే రాశాను. రాకుమారి పడవ ఎర్రగా ఉందని రాసి, కొట్టేసి, నీలంగా ఉందని మార్చి, సంతకం పెట్టాను. మా అమ్మాయి ఆ కాగితం చూసి సోఫా మీద పడి నవ్వింది. ఉద్యోగం పోయాక మా ఇంట్లో ఎవరైనా అంతగా నవ్వడం అదే మొదటిసారి. నాకూ నవ్వు వస్తే బాగుండుననిపించింది.

నేను తెలుగులో రాసి సాయంత్రాలు చదివి వినిపించేవాణ్ణి. తను విని, నచ్చినట్టు ఇంగ్లీషులో తిరగరాసుకునేది. నచ్చనివాటి గురించి నిలదీసేది.

"ఈ అమ్మాయి పేరేంటి?"

"పేరు లేదు. రాకుమారి అంతే."

"పేరు లేకుండా ఎవరైనా ఉంటారా?"

"రాచబిడ్డను ఎవరూ పేరు పెట్టి పిలవరమ్మా." నన్నూ మా ఇంట్లో చినబాబుగారనే పిలిచేవారు. బడిలో మొదటిరోజు హాజరు పిలిచినప్పుడు నా పేరుకు నేను పలకలేదు. అది నా పేరని నాకు గట్టిగా తెలియదు. ఈ మాట మా అమ్మాయికి చెప్పలేదు.

"సరే. పేరు లేదు. తను ఏమైనా పని చేస్తుందా? మూడు పేజీలైంది, ఎవరో తల దువ్వారు, ఎవరో విసిరారు, ఎవరో ఎత్తుకుని పడవెక్కించారు. కాళ్ళు లేవా?"

"చిన్నతనంలో వాళ్ళు అలాగే పెరుగుతారు."

"కొంచెం పొగరు పిల్ల, నాన్నగారూ. మా క్లాసులో ఎవరికీ నచ్చదు."

అందుకని ఒక బాతును పెట్టాను. బాతు తప్పిపోయింది. రాకుమారి చెప్పులు లేకుండా రెల్లు పొదల్లోకి వెళ్ళి వెతికింది. మా అమ్మాయి సంతోషించింది. మొసలి కూడా కావాలంది. పెట్టాను.

రాకుమారి రాజు పక్కన కొలువులో కూర్చునే భాగానికి మాత్రం లైబ్రరీ పుస్తకాలు అక్కరలేకపోయాయి. మా ఇంట్లో జమీ పోయాక కూడా మా తాతగారు ఏటా దసరాకు దర్బారు జరిపేవారు. చావడిలో ఆయన పెద్ద కుర్చీలోను, నేను పక్కనే చిన్న కుర్చీలోను. ఊళ్ళోవాళ్ళు వరుసగా వచ్చి తలా ఒక నిమ్మకాయ సమర్పించి దండం పెట్టేవారు. దాన్ని నేను కుడిచేత్తో అందుకుని ఇత్తడి పళ్ళెంలో పెట్టాలి. నవ్వకూడదు, కాళ్ళు ఊపకూడదు. నాకు ఆరో ఏడో ఏళ్ళప్పుడు మధ్యలో దాహమై దొడ్లోకి వెళ్ళాను. మా గుమాస్తాగారు మా నిమ్మచెట్టు కింద గంప పెట్టుకుని నిలబడి, పెరటి గుమ్మంలో వచ్చినవాళ్ళకు వచ్చినట్టు ఒక్కొక్క కాయ చేతిలో పెడుతున్నారు. వాళ్ళు చుట్టూ తిరిగి వీధి గుమ్మంలోంచి లోపలికి వెళ్తున్నారు. నన్ను చూసి ఆయన, "చినబాబుగారూ, తాతగారితో అనకండేం" అన్నారు. నేను నీళ్ళు తాగి వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాను. ఎవరితోనూ అనలేదు. ఆ కాయలతో మా అమ్మ ఊరగాయ పెట్టింది.

ఈజిప్టు కథలో నిమ్మకాయల బదులు తామరపూలు పెట్టాను. కొలువుకు వచ్చేవాళ్ళకు రాజుగారి కొలను నుంచే నౌకర్లు పూలు కోసి ఇస్తారు. రాకుమారి అది చూస్తుంది.

మా అమ్మాయి రాయడం ఆపింది. "ఆగండి. వాళ్ళ పూలు వాళ్ళకే ఇస్తున్నారా?"

"అవును."

"తనకు తెలుసా?"

"తెలుసు."

"రాజుకు?"

నలభై ఏళ్ళలో ఆ ప్రశ్న నాకు ఎప్పుడూ రాలేదు. "అది రాయలేదు" అన్నాను.

"మీరే కదా రాసేది?"

"రాయలేదమ్మా. తరువాతి పేజీకి వెళ్దాం."

మార్చిలో చెప్పిన రోజున బడికి వెళ్ళాను. టీచరు బోర్డు మీద నా పేరు, దాని కింద 'రచయిత' అని రంగు సుద్దలతో రాసి ఉంచింది. చేతుల కుర్చీ ఒకటి తెప్పించింది. ముప్పైమంది నేలమీద చాప పరుచుకుని కూర్చున్నారు. పక్కింటి అమ్మాయి మొదటి వరసలో ఉంది. మా అమ్మాయి చివర గోడకు ఆనుకుని కూర్చుంది. తను చక్కగా తిరగరాసిన పదమూడు పేజీలు చదివాను. నా గొంతు నాకు పక్కగదిలోంచి వినిపిస్తున్నట్టుంది. బాతు తప్పిపోయిన చోట పిల్లలు ముందుకు జరిగారు. మొసలి దగ్గర ఒక పిల్ల పక్కపిల్ల చెయ్యి పట్టుకుంది. ముగియగానే చప్పట్లు కొట్టారు.

తరువాత ప్రశ్నలు. గుండు గీస్తే మంటపుట్టదా? బాతు చచ్చిపోతే దాన్ని మమ్మీ చేస్తారా? రాకుమారి స్నానం తనే చేస్తుందా? తెలిసినంత చెప్పాను. అప్పుడు రెండు జడల పిల్ల ఒకతి చెయ్యెత్తింది.

"ఈ బుక్ షాపులోకి ఎప్పుడొస్తుంది? మా నానమ్మ నాకు కొనిపెడుతుంది."

టీచరు చప్పున కిటికీవైపు తిరిగి తెర సర్దడం మొదలుపెట్టింది. రాబోయే పుస్తకమేదీ లేదని ఆమెకు తెలుసునని అప్పుడు నాకు అర్థమైంది. లైబ్రరీలో చూసినరోజే తెలిసి ఉంటుంది. మా అమ్మాయి తన బూట్ల వంక చూసుకుంటోంది. చెవులు ఎర్రబడ్డాయి. వచ్చే ఏడాది అని చెప్పవచ్చు. అలా చెబితే వచ్చే ఏడాది దాకా ఆ అబద్ధం మా అమ్మాయే మోయాలి. మొదటి వరసలో పక్కింటి అమ్మాయి నా నోటివైపే చూస్తోంది. నేను ఏం చెప్పినా మరో గంటలో పక్కింటికి చేరుతుంది.

"షాపులోకి రాదమ్మా" అన్నాను. "నేను రచయితను కాను. మందుల ఫ్యాక్టరీలో పనిచేసేవాణ్ణి. నవంబరులో ఆ ఉద్యోగం పోయింది. ఎవరికీ చెప్పవద్దని మా అమ్మాయికి నేనే చెప్పాను. అందుకని తను అలా చెప్పవలసి వచ్చింది. తప్పు నాది."

ఎవరో తుమ్మి ముక్కు తుడుచుకున్నారు.

"మా డాడీది కూడా పోయింది" అంది రెండు జడల పిల్ల. "ఇప్పుడు ఆయనే వంట చేస్తున్నారు. ఘోరంగా ఉంటుంది."

అందరూ నవ్వారు. వెనకనుంచి ఇంకొకరు, "అయితే ఆ మొసలి ఎవరినైనా తింటుందా?" అని అడిగారు.

"ఇంకా లేదు" అన్నాను.

బడి వదిలాక పిల్లలిద్దరినీ నడిపించుకుని ఇంటికి బయలుదేరాను. నాకు తేలికగా ఉంటుందేమో అనుకున్నాను. అదేమీ లేదు. కనీసం మా అమ్మాయికైనా ఉంటుందనుకున్నాను. తను పదడుగులు ముందు విసురుగా నడుస్తోంది.

"కోపమా?"

వెనక్కి తిరిగింది. కళ్ళలో నీళ్ళు. "నాలుగు నెలలు దీనితో కూడా చెప్పలేదు నేను! ఇది నా బెస్ట్ ఫ్రెండ్! హాలిడేస్‌లో మీరు ఇంట్లో కనిపిస్తారని ఇంటికి రానివ్వలేదు. మీరు ఒక్క నిమిషంలో అందరికీ చెప్పేశారు. చెప్పేసేదే అయితే నన్నెందుకు ఆపారు?"

పక్కింటి అమ్మాయి అటూ ఇటూ చూసింది. "నాకు తెలుసు కదా" అంది మెల్లిగా.

"ఏం తెలుసు?"

"అంకుల్ జాబ్ సంగతి. క్రిస్మస్ ముందే తెలుసు. మాకు తెలుసని మీకు తెలియకూడదని డాడీ చెప్పారు. అందుకే నేను లైబ్రరీలో లీవా అని అడిగాను."

మా అమ్మాయి కళ్ళు తుడుచుకుని దాని చెయ్యి పట్టుకుంది. తరువాత ఇద్దరూ ఒకేసారి పరుగెత్తారు. నేను చేరేసరికి పక్కింటి తలుపు తీసి ఉంది. లోపల నుంచి "డాడీ, అంకుల్ చెప్పేశారు! క్లాసులో! అందరి ముందూ!" అన్న కేక వీధిలోకి వినిపించింది.

ఆయనది ఆ వారం పొద్దుటి షిఫ్టు. ఇంట్లోనే ఉన్నాడు. చేతులు తువ్వాలుతో తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చాడు. నవ్వబోయి మానుకున్నాడు.

"రండి రాజావారూ, లోపలికి రండి. ఏవోయ్, కాఫీ పెట్టు."

కాదనలేకపోయాను. వెళ్ళి కూర్చున్నాను. పిల్లలు మేడమీదికి వెళ్ళిపోయారు. పైనుంచి అప్పటికే నవ్వులు వినిపిస్తున్నాయి.

"ఏమీ అనుకోకండేం. మా ఆవిడ రోజూ మీ కారు లైబ్రరీ దగ్గర చూసేదండీ. మీ ఫ్యాక్టరీలో మనకు తెలిసినవాళ్ళు కూడా ఉన్నారు కదా. అయినా మీరంతట మీరు చెప్పకుండా మేం ఎలా ఎత్తుతామండీ? మర్యాద కాదు కదా."

"అవును" అన్నాను.

ఆయన తువ్వాలును మడిచాడు. మళ్ళీ విప్పాడు.

"ఇంకొకటుందండీ. చెప్పనా వద్దా అని నెల రోజులుగా మా ఆవిడా నేనూ కొట్టుకుంటున్నాం."

"ఊరుకోండి" అంది ఆవిడ వంటింట్లోంచి. "ఇప్పుడెందుకు?"

"చెప్పండి" అన్నాను.

"మా ప్లాంటులో క్వాలిటీలో ఒక పోస్టు పడిందండీ. ములింగార్ వైపు, తెలుసు కదా, కాస్త దూరమే. కానీ అచ్చం మీ పనే. మా మేనేజరు నన్ను అడిగాడు కూడా, ఎవరైనా మంచివాళ్ళు తెలుసా అని. మీ పేరు నాలుక చివరిదాకా వచ్చింది. ఎలా చెప్పమంటారు? ఉద్యోగంలో ఉన్న మనిషి దగ్గరికి వెళ్ళి ఉద్యోగం ఉంది, చేస్తారా అంటే, ముఖం మీద కొట్టినట్టుండదూ? అందులోనూ మీతో."

"ఆ పోస్టు ఇంకా ఉందా?"

"పోయిన శుక్రవారం తీసేసుకున్నారండీ. కార్క్ నుంచి ఒకతను వస్తున్నాడంట."

ఆవిడ కాఫీ తెచ్చి ముందు నాకిచ్చింది. ఏడుపు ఆపుకున్న ముఖం. నేను నిటారుగా కూర్చుని గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాను. వేడి తెలుస్తోంది, అంతే.

"పంచదార సరిపోయిందాండీ?" అని అడిగింది.

చాలా ఎక్కువైంది. బాగుందని చెప్పి మొత్తం తాగాను.